ఛాయాచిత్రకార శిరోమణి రాజా దీనదయాళు

మహాపురుషుల చరిత్రములు వ్రాయుటలో మన పెద్దలు రెండు ప్రయోజనముల నుద్దేశించిరి. గతించిన వారికి కృతజ్ఞత చూపుట యొకటి. రాబోవు వారికి త్రోవ చూపుట రెండవది. ఈ వార్షిక సంచికకై యొక జీవితచరిత్రము వ్రాయ బూనుకొనుచు మేము రెండవ ప్రయోజనమునే ప్రధానముగా నెంచితిమి. ఏలయన, నేడు మన యువకులలో ననేకులు ఛాయాగ్రహణమును జీవనోపాధిగా స్వీకరింప నుత్సహించుచున్నారు. పెండ్లిండ్లకును, గృహప్రవేశములకును, సభలకును వెళ్లి ఫోటోలు తీయుటయు, ఊరిలో నొక స్టూడియో నెలకొల్పి మనుష్యుల రూపములు పట్టి యిచ్చుటయు గౌరవప్రదమైన వృత్తులుగా నేర్పడినవి. అయినను తలిదండ్రులకు సంశయము తీరలేదు. చేతిలోనున్న నెలజీతమును విడిచి వెలుగునీడలను నమ్ముకొని బ్రతుకుట వివేకమా యని వా రడుగుచున్నారు. ఈ ప్రశ్నకు వాదముతో గాక యొక జీవితముతో సమాధానము చెప్పదలచి రాజా దీనదయాళు చరిత్రము నెత్తుకొనుచున్నాము. ఆయన మన కులమున జన్మించినవాడు కాడు, తెలుగువాడును కాడు. కాని విద్యకును పరిశ్రమకును కులము లేదు. మఱియు నాయన జీవితమున మిక్కిలి ఫలవంతమైన భాగము మన తెలుగునేలమీద, హైదరాబాదు సికింద్రాబాదు నగరములందే గడచినది.

మనుష్యుని రూపమును నిలిపి చూచుకొనవలెనను కోరిక క్రొత్తది కాదు. బాణాసురుని కూతురైన ఉష, కలలో చూచిన పురుషు డెవడో తెలియక పరితపించుచుండగా, ఆమె చెలికత్తె చిత్రరేఖ రాజకుమారుల రూపముల నొక్కొక్కటిగా వ్రాసి చూపి యనిరుద్ధుని గుర్తింపజేసినదని మన పురాణములు చెప్పుచున్నవి. దుష్యంతుడు తాను మఱచి విడనాడిన శకుంతల రూపమును పటమున వ్రాసికొని యూరడిల్ల జూచినట్లు కాళిదాసు నాటకమున చదువుచున్నాము. అయితే అవి చేతితో వ్రాసిన చిత్రములు. వెలుగు తానే వ్రాయు చిత్రము 1839వ సంవత్సరమున ఫ్రాన్సుదేశమందు దగేరు అనునాతని పద్ధతి ప్రకటింపబడుటతో లోకమునకు పరిచితమైనది. కొలదికాలములోనే యా విద్య మన దేశమునకును వచ్చినది. 1860వ సంవత్సరము నాటికి కలకత్తా, బొంబాయి, మదరాసు నగరములలో స్టూడియోలు వెలసియుండెను. కాని పేరుప్రతిష్ఠలు గల సంస్థలలో పెక్కులు ఐరోపీయులవి. బోర్ను అండ్ షెపర్డు వంటి సంస్థల వాకిట దొరలును, సంస్థానాధీశులును తమ వంతునకై వేచియుండెడి కాలమది. అట్టి కాలమున నొక భారతీయుడు వారితో సమానుడై నిలిచి, కొన్నియెడల వారిని మించి, ప్రఖ్యాతి గాంచెను. అది యెట్లు సాధ్యమయ్యెనో చూతము.

దీనదయాళు 1844వ సంవత్సరమున మీరటు పట్టణమునకు సమీపముననున్న సర్ధనా యను నూర జన్మించెను. ఆయన కుటుంబమువారు జైనులు. రత్నముల వర్తకము చేసెడివారు. రత్నపరీక్షకుని యింట పుట్టిన పిల్లవానికి వెలుగు ఏ ముఖమున పడిన రాయి మెఱయునో తెలిసికొను కన్ను సహజముగా నబ్బియుండునని మే మనుకొందుము. అయినను తండ్రితాతల వృత్తిలో నాయన ప్రవేశింపలేదు. రూర్కీ నగరమున నున్న థామ్సన్ ఇంజనీరింగు కళాశాలలో చేరెను. గంగానది కాలువ త్రవ్వకమునకు కావలసిన పనివారిని తయారుచేయుటకై 1847వ సంవత్సరమున స్థాపింపబడిన విద్యాలయమది, నేడు ఐ.ఐ.టి. రూర్కీగా ప్రసిద్ధమై యున్నది. అచ్చట నాయన కొలతలు వేయుట, నేల మట్టము చూచుట, కట్టడముల పటములు గీయుట, ఖర్చుల అంచనాలు కట్టుట మొదలగునవి నేర్చుకొనెను. 1866వ సంవత్సరమున చదువు ముగించుకొని, ఇందూరునందలి ప్రభుత్వ మరామతుశాఖలో అంచనాలు వేయువాడుగను, పటములు గీయువాడుగను ఉద్యోగమున ప్రవేశించెను.

ఈ యుద్యోగము పెద్దది కాదు; కాని స్థిరమైనది. నెలనెల జీతము వచ్చును. వృద్ధాప్యమున పింఛను వచ్చును. ఆనాటి మధ్యతరగతి కుటుంబములకు అంతకంటె కోరదగిన భాగ్యము లేదు. ఎనిమిది సంవత్సరములు దీనదయాళు ఆ పనిలోనే యుండెను. ఆ యెనిమిదేండ్లును వృథాపోలేదని చదువరులు గ్రహింపవలెను. గోడ నిటారుగా నున్నదో లేదో, స్తంభమునకు స్తంభమునకు నడుమ దూర మెంతయో, కట్టడమును ఏ మూలనుండి చూచిన దాని యాకార మంతయు కంటబడునో, ఈ సంగతులు పటములు గీయువానికి చేతి వ్రేళ్లలో నుండును. తరువాతి కాలమున నాయన తీసిన కోటలను, ప్రాసాదములను చూచిన వారికి ఆ కొలతల నేర్పు స్పష్టముగా కనబడును.

1874వ సంవత్సర ప్రాంతమున, ముప్పదియేండ్ల వయసున, ఆయన కెమెరా చేతబట్టెను. నేటి వారికి ఫోటో తీయుట యన నొక మీట నొక్కుటగా తోచును గనుక ఆనాటి పద్ధతిని కొంచెము వివరింపవలసి యున్నది. గాజుపలకను మచ్చ లేకుండ తుడిచి, దానిపై కలోడియను అను జిగురు ద్రవమును సమానముగా పాఱునట్లు పోయవలెను. దానిని చీకటిగదిలో సిల్వరు నైట్రేటు ద్రావకమున ముంచవలెను. అంతట నా పలక వెలుగును గ్రహించు శక్తిని పొందును. అది తడి యాఱకముందే కెమెరాలో నుంచి చిత్రము పట్టి, మఱల చీకటిలోనికి గొనిపోయి మందులతో రూపమును వెలికి దీయవలెను. ఈ పనియంతయు కొలది నిమిషములలో ముగియవలెను. మన యెండలకు పలక యింకను వేగముగా నాఱిపోవును. పయనములలోనైన చీకటిగుడారమును, మందుసీసాలను, నీటికుండలను, బరువైన గాజుపలకలను బండ్లమీద వెంట మోయించుకొని పోవలెను.

చిత్రము పలకపై పడినంత మాత్రమున పని ముగియదు. ఆ పలకయందు తెలుపు నలుపుగను, నలుపు తెలుపుగను కనబడును. కోడిగ్రుడ్డు తెల్లసొన పూసి వెండిలవణముతో సిద్ధపఱచిన కాగితమును దానికి హత్తించి యెండలో నుంచిన యెడల, సరియైన రూపము కాగితముపై దిగును. పలక యెంతయో చిత్రము నంతయే. పెద్ద చిత్రము కావలెనన్న పెద్ద కెమెరాయు, పెద్ద పలకయు ఉండితీరవలెను. ఒక్క పలక చెడినచో ఖర్చును, శ్రమయు, సమయమును మూడును పోవును. 1880వ సంవత్సరము తరువాత పొడిపలకలు వాడుకలోనికి వచ్చి ఈ బాధ కొంత తగ్గినది. కాని దీనదయాళు ఈ విద్యను చేపట్టినది కష్టకాలముననే. పగలు కచేరీ పని చేయుచు, తీరిక దొరకినప్పుడెల్ల పలకలతో పెనగులాడి యాయన చేతివాటము సంపాదించెను. అభ్యాసము కూసువిద్య యని మన పెద్దలన్న మాటకు ఇంతకంటె తార్కాణ మేమి కావలెను?

విద్య యొకయెత్తు, దానిని గుర్తించు ప్రభువు దొరకుట యొకయెత్తు. ఇందూరు మహారాజైన రెండవ తుకోజీరావు హోల్కరును, మధ్యభారతమున గవర్నరు జనరలు ప్రతినిధిగా నున్న సర్ హెన్రీ డేలీయు ఈయన నేర్పు నెఱిగి ప్రోత్సహించిరి. 1875-76 సంవత్సరములలో వేల్సు యువరాజు మన దేశమును దర్శింప వచ్చినప్పుడు ఆ సందర్భపు చిత్రములు తీయు నవకాశము దీనదయాళునకు లభించెను. మరామతుశాఖలో నొక చిన్న యుద్యోగి, రెండేండ్లక్రిందట కెమెరా పట్టినవాడు, రాజకుమారుని యెదుట నిలిచి చిత్రము తీయుటన సామాన్యము కాదు. పర్యటనలలోని యుత్సవచిత్రములకు మఱల తీయు నవకాశ ముండదు. దర్బారు ముగిసినతరువాత పలక చెడినదని చెప్పిన వినువా డెవడు? కావుననే ప్రభువులు చిత్రము అందముకంటె ముందు నమ్మకమును కోరుదురు. ఆ నమ్మకమును దీనదయాళు తొలిదినములలోనే సంపాదించెను.

పిమ్మట డేలీ స్థానమునకు వచ్చిన సర్ లెపెల్ గ్రిఫిన్ పురాతన కట్టడములయందు ఆసక్తి గలవాడు. 1882వ సంవత్సరమున ఆయన బుందేలుఖండము పర్యటించుచు దీనదయాళును వెంట గొనిపోయెను. గ్వాలియరు కోట, ఖజురాహో దేవాలయములు, సాంచీ స్తూపము మొదలగు మధ్యభారత శిల్పసంపదను దీనదయాళు తన పలకలపై కెక్కించెను. ఆ చిత్రములతోడను, గ్రిఫిన్ రచించిన వివరణములతోడను 1886వ సంవత్సరమున మధ్యభారత ప్రసిద్ధ కట్టడములను గూర్చిన గొప్ప గ్రంథము ప్రకటింపబడెను. రాతికట్టడములు కదలవు, మాటలాడవు, వెలుగు వచ్చువఱకు వేచియుండు నోర్పును మాత్రము నేర్పును. అట్టి యోర్పును నేర్చినవానికి తరువాత మనుష్యుల చిత్రములు తీయుట సులభమైనది.

ఇక ప్రధానవిషయమునకు వచ్చుచున్నాము. నలుబదియేండ్ల వయసున, కుటుంబభారము గలిగియుండి, దీనదయాళు ప్రభుత్వోద్యోగమును విడువ నిశ్చయించెను. అయితే ఆయన నిశ్చయించిన రీతి గమనింపదగినది. కోపముతోనో, ఉత్సాహముతోనో యొకనాడు కాగితము వ్రాసి పాఱవేయలేదు. మొదట దీర్ఘమైన సెలవు పుచ్చుకొనెను. ఆ సెలవుకాలమున పూర్తిగా చిత్రముల పనిలో మునిగి, కుటుంబము నడచునా నడువదా యని పరీక్షించి చూచుకొనెను. నడచునని తేలిన పిమ్మటనే యుద్యోగమునకు స్వస్తి చెప్పెను. 1874వ సంవత్సరమునుండి లెక్కించినచో, కెమెరా పట్టినదానికిని, దానినే సర్వస్వముగా నమ్ముకొనినదానికిని నడుమ నించుమించు పది సంవత్సరములకు పైగా గడచినవి. ఆ కాలమున నాయనకు జీతము ఇల్లు నడుపుచుండెను. విద్య పేరు తెచ్చుచుండెను. రెండవది మొదటిదానిని మోయగల బలము పొందినప్పుడే మొదటిదానిని విడిచెను. నదిని దాటువాడు ఆవలియొడ్డున కాలు మోపిన పిమ్మటనే పడవను విడుచును గదా. తొందరపడి నడియేట దూకినవారిని చూచి జనులు నదిని నిందింతురు. నింద నదిది కాదు.

1885వ సంవత్సర మాయన జీవితమున ముఖ్యమైనది. ఆ యేడు వైస్రాయి డఫరిను ప్రభువునకు ఛాయాగ్రాహకుడుగ నియమింపబడెను. ఆ యేడే హైదరాబాదు ఆరవ నిజామగు మీర్ మహబూబ్ అలీఖాను ఆయనను తన యాస్థాన ఛాయాగ్రాహకునిగా చేసికొనెను. నిజాము 1866వ సంవత్సరమున జన్మించి, 1884వ సంవత్సరమున రాజ్యాధికారమును స్వయముగా స్వీకరించిన యువకుడు. వేట, గుఱ్ఱములు, వేడుకలు, క్రొత్త వస్తువులు ఆయనకు ప్రీతికరములు. దీనదయాళు కొలదికాలములోనే ఇందూరునుండి వచ్చి, సికింద్రాబాదున స్టూడియో నెలకొల్పెను. సికింద్రాబాదు నాడు పెద్ద కంటోన్మెంటు. ఇంగ్లీషు సైనికాధికారులును, వారి కుటుంబములును అచ్చట కాపురముండిరి. ఒకవంక నిజాము దర్బారు, మఱియొకవంక కంటోన్మెంటు, నడుమ స్టూడియో. వృత్తి పెట్టుకొను చోటు ఎంత ముఖ్యమో దీనిచే తెలియును.

హైదరాబాదున నాయన తీసిన చిత్రములు నాటి రాజ్యజీవితమునకు అద్దములు. చౌమహల్లా, ఫలక్‌నుమా మొదలగు రాజభవనములు, వాని దీపవృక్షములతోను మెట్లవరుసలతోను, ఉమరావులు, వారి పిల్లలు, సేనల కవాతులు, విందులు, వేటలు, దేశాంతరములనుండి వచ్చిన యతిథులు. 1902వ సంవత్సరమున కర్జను ప్రభువు సతీసమేతుడై హైదరాబాదు రాజ్యమునకు వచ్చి వరంగల్లు ప్రాంతమున నెక్కొండయొద్ద పులివేట యాడినప్పుడు చచ్చిన పులియొద్ద దంపతులు నిలిచిన చిత్రము నేటికిని ప్రసిద్ధము. రాజుల సమూహచిత్రము తీయుట యెంత కష్టమో చదువరు లూహింపవచ్చును. ఎవరు నడుమ కూర్చుండవలెను, ఎవరు కుడివైపున, ఎవరు నిలుచుండవలెను, ఎవరి తలపాగా నీడ ఎవరి మొగమున పడరాదు, ఇవన్నియు క్షణములో తేల్చవలెను. మర్యాద తప్పిన ప్రభువులకు కోపము. నీడ తప్పిన చిత్రమునకు చేటు. మన పెండ్లి పందిరులలో వియ్యపురాండ్రను వరుసగా నిలువబెట్టి చిత్రము తీసిన మన కుఱ్ఱవారికి ఈ చిక్కు కొంత తెలిసియే యుండును.

స్టూడియోలో మనుష్యుల రూపములు తీయుట వేఱొక విద్య. ఆ కాలపు స్టూడియోలకు విద్యుద్దీపములు లేవు; అద్దపు కప్పులనుండియు, పెద్ద కిటికీలనుండియు దిగు వెలుగును తెఱలతో అదుపుచేసి, మొగముపై మెల్లగా పడునట్లు చేసికొనెడివారు. కూర్చున్నవారు కొన్ని క్షణములు కదలక మెదలక యుండవలెను. కదలరాదని చెప్పగానే మనుష్యుడు కొయ్యబొమ్మయగును. బొమ్మను తీసిన లాభము లేదు. కదలకుండవలెను, జీవము పోరాదు. ఈ రెంటిని కూర్చుటయే రూపచిత్రకారుని నేర్పు. దీనదయాళు చిత్రములలోని ప్రభువులు తమ సహజమైన ఠీవితో కూర్చుండియుందురు. వస్త్రముల జరీయు, నగల రాళ్లును లెక్కపెట్టదగినంత స్పష్టముగా కనబడును. అయినను చూపరుల కన్ను మొట్టమొదట మొగముమీదనే నిలుచును. రత్నవర్తకుని వంశమున బుట్టినవాడు రత్నములను మొగమునకు లోబఱచెను.

1892వ సంవత్సరమున నాయన చేసిన పనిని ప్రత్యేకముగా పేర్కొనవలెను. ఆనాటి గొప్పయిండ్లలో స్త్రీలు ఘోషాలో నుండెడివారు. పరపురుషుని యెదుటికి రారు గనుక వారి రూపములు చిత్రములకెక్కు త్రోవ లేదు. దీనదయాళు హైదరాబాదున స్త్రీలకొఱకే యొక జనానా స్టూడియో స్థాపించి, దానిని శ్రీమతి కెన్నీ లెవిక్కు అను ఆంగ్లవనిత చేతికప్పగించెను. ఆచారమును ధిక్కరింపలేదు, ఆచారమునకు బెదరి యూరకుండలేదు. స్త్రీలకు స్త్రీచేతనే చిత్రములు తీయించు నుపాయము కనిపెట్టెను. ఇందువలన నేటివారు గ్రహింపదగిన సంగతు లొకటి రెండు గలవు. కొనువారు ఎందుచేత రాలేకపోవుచున్నారో తెలిసికొని ఆ యడ్డంకిని తొలగించినవాడే వ్యాపారమున వృద్ధిబొందును. మఱియు ఈ వృత్తి స్త్రీలకు తగదనువారు, నూటముప్పది యేండ్ల క్రిందటనే మన హైదరాబాదున నొక స్త్రీ దీనిని నడపెనని జ్ఞాపకముంచుకొనవలెను. మన యాడుబిడ్డలు కెమెరా పట్టుదుమనిన కాదనుటకు కారణము మాకు కనబడదు.

సంస్థను నడపుటయందును దీనదయాళు మరామతుశాఖలో నేర్చిన క్రమమును విడువలేదు. తీసిన ప్రతి పలకకును సంఖ్య వేయించి భద్రపఱచెను. ఎన్ని యేండ్ల తరువాత నెవరైనను వచ్చి తమ చిత్రము మఱియొక ప్రతి కావలెనని యడిగిన వెదకి యిచ్చుటకు వీలుగా నుండెను. స్టూడియోలో పలకలు సిద్ధపఱచువారు, కాగితములపై దింపువారు, తప్పులు దిద్దువారు, రంగులు వేయువారు, అట్టలపై నతుకువారు వేఱువేఱుగా పనిచేయుచుండిరి. ఏబదిమందికి పైగా ఆ సంస్థవలన బ్రతికిరి. కుమారులగు జ్ఞానచందు, ధరమచందులను ఆ వృత్తియందే ప్రవేశపెట్టి, సంస్థకు రాజా దీనదయాళు అండ్ సన్సు అను పేరు స్థిరపఱచెను. 1896వ సంవత్సరమున బొంబాయిలో గొప్ప స్టూడియో తెఱచెను. ఇందూరు, సికింద్రాబాదు, బొంబాయి నగరములలో నాయన పేరు మెఱసెను.

గౌరవములు వెంట వచ్చినవి. 1893వ సంవత్సరమున అమెరికాదేశమున షికాగో నగరమందు జరిగిన ప్రపంచప్రదర్శనమున ఆయన చిత్రములకు బహుమానము లభించినది. విక్టోరియా రాణి తన ఛాయాగ్రాహకుడని యాజ్ఞాపత్ర మొసగెను. 1894వ సంవత్సరమున నిజాము ఆయనకు రాజా బహాదూరు ముసవ్విర్ జంగు అను బిరుదము ప్రసాదించెను. ముసవ్విర్ అను నరబ్బీ పదమునకు రూపమిచ్చువాడని యర్థము. ఆ భాషలో నది భగవంతుని నామములలో నొకటి. చిత్రకారునకు ఆ పేరుపెట్టుటలోని ఔచిత్యము భాషాభిమానులు గ్రహింతురు గాక.

అయినను రాజులకంటె దీనులనుగూర్చి చెప్పినగాని దీనదయాళు అను పేరు సార్థకము కాదు. 1899-1900 సంవత్సరములలో దక్కను భూములందు ఘోరమైన కఱవు వచ్చెను. నిజాము ప్రభుత్వము ఔరంగాబాదు ప్రాంతమున అన్నసత్రములును, కూలిపనులును ఏర్పాటు చేయగా, వానిని దీనదయాళు సంస్థవారు చిత్రములుగా తీసిరి. ఎముకలు తేలిన పిల్లలు, వరుసలుగా నేలపై కూర్చున్న స్త్రీపురుషులు, వారినడుమ నిలిచిన యధికారులు ఆ చిత్రములలో కనబడుదురు. ప్రభువు చేసిన ధర్మకార్యములను చూపుటకై అవి తీయబడినవనుట నిజమే. కాని పలక యబద్ధమాడదు. ప్రభువు దాతృత్వమును చూపబోయి యది ప్రజల యాకలినికూడ చూపినది. ఫలక్‌నుమా దీపములు పట్టిన సంస్థయే ఆ కన్నులను పట్టినది.

చరిత్ర వ్రాయువాడు గుణములతో పాటు పరిమితులనుకూడ చెప్పవలెను. దీనదయాళు ప్రభువుల యాశ్రయమున బ్రతికినవాడు. అందుచే నాయన చిత్రములలో నధికభాగము ప్రభువులు తాము కనబడగోరిన రీతినే చూపుచున్నవి. పొలము దున్ను రైతు, మగ్గము నేయు సాలెవాడు, ఇంటిపనులు చేయు సామాన్యస్త్రీ ఆ చిత్రములలో తక్కువ. ఇది యాయన దోషమనుటకంటె ఆ కాలపు వ్యాపారస్వరూపమనుట న్యాయము. ఒక్క చిత్రమునకు ఎంతో వ్యయమగు కాలమున పేదవాడు స్టూడియో మెట్లెక్కుట యెట్లు? నే డా కొఱతను తీర్చు నవకాశము మన యువకులకు గలదు.

1903వ సంవత్సరమున ఢిల్లీలో జరిగిన పట్టాభిషేక దర్బారు ఆ సంస్థవారు తీసిన గొప్ప యుత్సవములలో నొకటి. మఱుసటి యేడు, 1904లో, కుమారుడు ధరమచందు మరణించెను. ఆ పుత్రశోకము తీరకముందే, 1905వ సంవత్సరము జూలైలో, అఱువదియొక్క యేండ్ల వయసున దీనదయాళు పరమపదించెను. జ్ఞానచందు కొంతకాలము సంస్థను నడపెను. 1911వ సంవత్సరమున నిజాము మహబూబ్ అలీఖాను గతించెను. అప్పటికే చేతిలో నిముడు చౌక కెమెరాలు అమెరికానుండి బయలుదేఱి, ఎవరి చిత్రములు వారే తీసికొను కాలము వచ్చియుండెను. సంస్థ వెనుకటి వైభవమును పొందలేదు. అయినను ఆయన యేర్పఱచిన క్రమము వ్యర్థముకాలేదు. సంఖ్యలు వేసి దాచిన గాజుపలకలలో 2,857 పలకలను 1989వ సంవత్సరమున ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమువారు సేకరించి భద్రపఱచిరి. 2006వ సంవత్సరమున భారత తపాలాశాఖవారు ఆయన పేర స్టాంపు వెలువరించిరి. ప్రభువుల రాజ్యములు పోయినవి. ప్రభువుల మొగములు మాత్రము ఆ ఛాయాగ్రాహకుని గాజుపలకలలో నిలిచినవి.

ఇక మన యువకులకు రెండు మాటలు, పోషకులకు రెండు మాటలు చెప్పి విరమింతుము. వృత్తి ప్రారంభింపగోరు యువకులు మొదట అప్పుచేసి ఖరీదైన కెమెరా కొని, పిమ్మట విద్య నేర్చుకొనజూచుచున్నారు. వడ్డీ పెరుగును, చేయి పెరుగదు. దీనదయాళు త్రోవ వేఱు. చేతనున్న పనిని చేసికొనుచు నేర్చుకొనుము. తెలిసినవారి చిత్రములు తీసి, నీ మాటమీదను నీ సమయపాలనమీదను నమ్మకము కలిగింపుము. తీసిన చిత్రములను క్రమముగా దాచుము. ఇరువదియేండ్లకు ఒక యిల్లాలు చనిపోయిన తన తండ్రి చిత్రమునకై వచ్చి యడిగిన నీయొద్ద నుండవలెను. వృత్తి కుటుంబమును మోయగలదని పరీక్షించుకొని యటుపిమ్మట జీతమును విడువుము. నీ మూలధనము కెమెరా కాదు. మనుష్యుడు తన మొగమును నీ చేతికిచ్చుచున్నాడు. ఆ విశ్వాసమే నీ మూలధనము.

పోషకులారా! హోల్కరు మహారాజును, డేలీ దొరయు తొలియవకాశ మీయకున్న మరామతుశాఖ గుమాస్తా గుమాస్తాగానే మిగిలియుండును. విద్య నేర్చిన కుఱ్ఱవాడు మన సంఘముననుండగా, మన యింటి శుభకార్యమున కాతనిని పిలుచుట మన ధర్మము. పిలిచి, పని చేయించుకొని, వెల యడిగినప్పుడు మనవాడే గదా యని మొగము చాటుచేయుట ధర్మము కాదు. మనవాడైనందుననే ముందుగా చెల్లింపవలెను. పరాయివాని కీయవలసిన బాకీని వాయిదా వేయుటకు జంకెడి మనము, మనవాని కీయవలసిన దానిని సంవత్సరములతరబడి మఱచుచున్నాము. విద్యార్థి వేతనములిచ్చు దాతలు వైద్యము, ఇంజనీరింగు చదువువారితోపాటు చేతివిద్య నేర్చు బాలబాలికలనుకూడ కటాక్షించిన యెడల, వారిలోనుండి మఱియొక రూపప్రదాత వెలువడడని యెవరు చెప్పగలరు?

సూర్యుడు వెలు గెల్లరకును సమానముగా నిచ్చుచున్నాడు. దానిని పట్టుకొను నోర్పును నేర్పును మన బిడ్డలకు కలుగుగాక; ఆ నేర్పునకు తగిన వెలనిచ్చు నుదారబుద్ధి మన పెద్దలకు కలుగుగాక యని ఆశీర్వదించుచు ముగించుచున్నాము.